మణక్క జారవిడిచిన వరస

మణక్కకి నేను జన్మలో ఒకే ఒక్క అబద్ధం చెప్పాను. ఆమె చేత్తో రాసి నాకిచ్చిన సువార్త పుస్తకం పోయిందని చెప్పాను. ఆ పుస్తకం అప్పుడు తాయిఫ్‌లో, మా ఆసుపత్రి క్వార్టర్సులో, నా పరుపు కింద రెండు యూనిఫారాల మధ్య భద్రంగా ఉంది. సిగ్గుపడ్డావా అంటే పడ్డాను. మళ్ళీ అవసరమొస్తే ఆడతావా అంటే ఆడతాను. మొండితనం నాకు పుట్టుకతో వచ్చింది. కాకపోతే మణక్క మొండితనం ముందు నాది ఏ మూలకీ రాదు.

ఆమె పేరు మణి. రేపల్లె పక్కన సముద్రం వైపు పల్లె. వాళ్ళ నాన్న పడవలకి తారు పూసేవాడు. గుంటూరు మిషన్ ఆసుపత్రిలో నర్సింగు చదువుకుని, ఎనభై ఆరులో సౌదీ వచ్చింది. రాస్ తనూరాకి దగ్గర్లో ఒక ప్రైవేటు ఆసుపత్రి, మగవాళ్ళ సర్జికల్ వార్డు. మొగుడు యిర్మీయా ఆర్టీసీలో కండక్టరు. పిల్లల్లేరు. పొట్టి మనిషి, పాదాలెప్పుడూ వాచి ఉండేవి. జేబులో పెడితే ఎవరో ఒకరు అడిగి తీసుకుపోతారని బాల్ పెన్ను జడలో గుచ్చుకునేది. పన్నెండు గంటల డ్యూటీ చేసి గోడ పట్టుకుని నడుస్తున్న మనిషిని చూసి, అలిసిపోయావా అక్కా అని అడిగితే, 'నాకేం, బానే ఉన్నా' అనేది. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. అలిసిపోయానని ఒప్పుకుంటే వీపు మీద ఎవరన్నా చరుస్తారా?

నేను అదే ఆసుపత్రికి తొంభై జూన్‌లో వెళ్ళాను. నాకు ఇరవై మూడేళ్ళు. వెళ్ళిన రెండు నెలలకే పక్కన కువైట్‌ని ఇరాక్ ఆక్రమించుకుంది. నా ముఖం చూసుకునే వచ్చిందేమో యుద్ధం అని మణక్క ఎగతాళి చేసేది. మా ఇద్దరికీ ఒకే గది. నా ఇంజెక్షన్ చెయ్యి బాగుందంది, నా ఛార్టు రాత మాత్రం చెత్తగా ఉందంది. నేను తప్పు రాస్తే కనిపించకుండా నల్లగా బరికేసేదాన్ని. అది చూసి ఆమె ఎంత కోప్పడిందో చెప్పలేను. ఛార్టులో రాసింది చెరపకూడదు. తప్పైతే దాని మీద ఒకే ఒక గీత గీయాలి, కింద ఉన్నది చదవగలిగేలా. పక్కన సంతకం, తేదీ, టైము. రాయడం మర్చిపోతే తర్వాత రాయొచ్చు, కానీ 'లేట్ ఎంట్రీ' అని పైన పెట్టి, ఎందుకు ఆలస్యమైందో కారణం రాయాలి. తప్పు చేసినా పర్లేదు, తప్పు చేశానని కనపడాలి, లేకపోతే తర్వాత డ్యూటీకొచ్చే పిల్ల నిన్ను నమ్మి రోగిని చంపేస్తుంది అనేది. ఈ మాట నాకు ముప్ఫైసార్లు చెప్పి ఉంటుంది.

ఇక సువార్త సంగతి. మన పుస్తకాలు అక్కడ బాహాటంగా పెట్టుకోవడం కుదరదు. ఏజెంటు ముందే చెప్పాడు కాబట్టి మణక్క తన బైబిలు ఇంట్లో ట్రంకుపెట్టెలో పెట్టి వచ్చింది. రెండేళ్ళు ఓర్చుకుంది. తర్వాత యిర్మీయా బావగారు ఒక ఉపాయం చేశాడు. నెలకో ఉత్తరం రాసేవాడు కదా, ఒక్కో ఉత్తరంలో యోహాను సువార్త ఒక్కో అధ్యాయం రాసి పంపడం మొదలుపెట్టాడు. డిపోలో బస్సు బయల్దేరేలోపు కూర్చుని రాసేవాడట. టికెట్ల లెక్క రాసే వేబిల్లు నింపే చెయ్యి కాబట్టి అక్షరాలు ఆవగింజల్లా ఉండేవి, కాగితంలో అంచు దాకా ఒక్క సూది మోపేంత జాగా కూడా వదిలేవాడు కాదు. ముందు అధ్యాయం, అడుగున రెండు ముక్కలు ఇంటి కబురు. ఆ కబురు చివర ప్రతిసారీ ఎప్పుడొస్తున్నావని అడిగేవాడు. అలా ఇరవై ఒక్క ఉత్తరాలు వచ్చాయి.

ఉత్తరాలు మడతల దగ్గర చిరగడం మొదలుపెట్టాక మణక్క వాటిని చూసి ఒక పుస్తకం రాయడానికి కూర్చుంది. కాగితానికి పాత టెంపరేచర్ ఛార్టులు, ఫారం మారిపోయిందని పారేసినవి. వాటిని సగానికి మడిచి, వెనకవైపు తెల్లగా ఉన్న చోట రాసేది. కుట్టడానికి గడువు దాటిన నల్ల పట్టుదారం, ఆపరేషన్ గాయాలు కుట్టేది. అట్టకి ఎక్స్‌రే ఫిల్ములొచ్చే దళసరి కాగితం. అలవాటు ఎక్కడికి పోతుంది, ప్రతి పేజీ అడుగున సంతకం, తేదీ, టైము. దేవుడి మాటకి కూడా డ్యూటీ డాక్టరు సంతకం కావాలా అక్కా అని నేను ఏడిపించేదాన్ని. రాసింది నేను కదే, దేవుడు కాదుగా అనేది.

తొంభై ఒకటి జనవరిలో ఆమెకి ఎగ్జిట్ వచ్చింది. సెలవు కాదు, మొత్తానికే. ఇరవై ఐదో తారీఖు విమానం. ఐదేళ్ళు చాలు వచ్చెయ్యమని బావగారు పట్టుబట్టాడు. పెట్టె కట్టేసింది. పైన ఆయన కోసం కొన్న రేడియో, అది పగలకుండా చుట్టూ తువాళ్ళు. పదిహేడున బాంబులు మొదలయ్యాయి. కిటికీ అద్దాలకి అడ్డంగా నిలువుగా టేపులు అంటించుకున్నాం. మంచానికో గ్యాసు మాస్కు ఇచ్చారు. సైరను మోగితే రోగులకి ముందు తొడిగి తర్వాత మేం తొడుక్కోవాలి. నేను మాత్రం సైరను వినగానే మాస్కు తీసుకుని దుప్పట్ల గదిలో దూరేదాన్ని. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. నాకు భయం, అంతే. నా రోగులకి కూడా మణక్కే తొడిగేది.

ఇరవయ్యో తారీఖు ఆదివారం. మధ్యాహ్నం ఆఫీసుకి పిలిచారు. ఎగ్జిట్‌లన్నీ ఆపేశారని, గాయపడ్డవాళ్ళు ఎప్పుడొస్తారో తెలియదు కాబట్టి వార్డు వదలడానికి లేదని చెప్పారట. గదికి వచ్చి, పెట్టె మూలకి నెట్టి, కిటికీ దగ్గర కూర్చుని, బావగారి ఉత్తరాల్లో తర్వాతది తీసి పుస్తకం రాయసాగింది. ఏమన్నారని అడిగాను. కొన్నాళ్ళు ఆగమన్నారంది. నువ్వేమన్నావని అడిగాను. సరేనన్నానంది. నాకు చిర్రెత్తింది. పాస్‌పోర్టు మీద ముద్ర పడ్డాక ఎలా ఆపుతారు, నువ్వు గట్టిగా అడగాల్సింది, ఏడవాల్సింది, కాళ్ళ మీద పడాల్సింది అని నానా మాటలూ అన్నాను. ఆమె తలెత్తలేదు. వార్డు ఎవరు చూస్తారే అంది. బాధగా లేదా నీకు అన్నాను. నాకేం, బానే ఉన్నా అంది. పెన్ను ఆపకుండా రాస్తూనే ఉంది. ఆ సాయంత్రం దాకా నేను ఆమెతో మాట్లాడలేదు.

ఫిబ్రవరికి పుస్తకం పూర్తయింది. ఆ వారంలోనే నేను సైరనుకి కళ్ళు తిరిగి దుప్పట్ల గదిలో పడిపోయాను. మణక్క నన్ను లేపి, మాస్కు పట్టీ సరిచేసి, పుస్తకం నా చేతిలో పెట్టింది. తనకి ఉత్తరాలున్నాయి, ఇది నన్ను ఉంచుకోమంది. భయమేసినప్పుడు పదిహేడో అధ్యాయం చదవమంది. ప్రభువు తనవాళ్ళ కోసం తండ్రిని వేడుకునే అధ్యాయం అది. చదివాను. అందులో ఒక చోట, వీళ్ళని లోకంలోంచి తీసుకుపొమ్మని అడుగుతున్నాను అని ఉంది. చదవగానే నాకు ఏడుపు ఆగలేదు. నా కోసమే రాసినట్టు ఉంది. నన్ను ఇక్కణ్ణించి తీసుకుపో స్వామీ అని నేను రోజూ ఏడుస్తున్నదే అక్కడ ఉంది, అదీ ప్రభువు నోట. యుద్ధం అయిపోయేదాకా ఆ ఒక్క వాక్యం పట్టుకుని బతికాను. కువైట్ నూనెబావులు తగలబడి మధ్యాహ్నం పన్నెండింటికి వార్డులో లైట్లు వేసుకున్న రోజుల్లో, ఆరేసిన తెల్ల యూనిఫారాలు బొగ్గు రంగుకి తిరిగిన రోజుల్లో, అదే నా అన్నం.

నా పుస్తకం చూసి మిగతా తెలుగువాళ్ళు కూడా రాసుకున్నారు. నలుగురు నర్సులు, ల్యాబులో భూషణం గారు, అంబులెన్సు నడిపే ఓబదయ్య. ఆరు ప్రతులు. ఆరుగురూ పుట్టినప్పటినుంచీ ఆ సువార్త వింటున్నవాళ్ళే. ఓబదయ్య వాళ్ళ నాన్నయితే సంఘ కాపరి. ఒక్కరికీ ఆ వాక్యం దగ్గర అనుమానం రాలేదు. ఎలా వస్తుంది? అందరికీ కావాల్సిందే అక్కడ ఉంది.

యుద్ధం అయ్యాక మణక్క ఎగ్జిట్ మళ్ళీ ఇస్తామన్నారు. అప్పటికి సగంమంది నర్సులు వెళ్ళిపోయారు, కొత్తవాళ్ళు రాలేదు. ఆరు నెలలు ఆగమన్నారు. సరేనంది. తర్వాత ఇంకో ఏడాది. మధ్యలో ఒకసారి నలభై రోజుల సెలవుకి వెళ్ళి రేడియో ఇచ్చి వచ్చింది. తొంభై రెండులో నేను తాయిఫ్‌కి మారిపోయాను, పుస్తకం నాతో తెచ్చుకున్నాను. తొంభై నాలుగులో యిర్మీయా బావగారు డిపోలో డ్యూటీ దిగి బల్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. కాగితాలు కదిలి, టికెట్టు దొరికి, మణక్క ఇల్లు చేరేసరికి భూస్థాపన అయి నాలుగు రోజులు. నెల తిరక్కుండా మళ్ళీ డ్యూటీకి వచ్చేసింది. ఫోను చేస్తే అదే మాట, నాకేం, బానే ఉన్నా. ఆ రోజు ఫోను పెట్టేసి నేను గోడని ఒక తన్ను తన్నాను.

అసలు గొడవ తొంభై ఆరులో మొదలైంది. వాళ్ళ ఆసుపత్రి మందుల గదిలో జిర్గిస్ అని ఈజిప్టు క్రైస్తవుడు ఉండేవాడు. పెద్దాయన, లావు కళ్ళజోడు. మణక్క రాత చూసి ముచ్చటపడి, ఒకరోజు మందుల పుస్తకంలో దాచుకున్న ఒక ఫోటో చూపించాడు. ఏదో పత్రికలోంచి కత్తిరించింది. పాపిరస్ మీద గ్రీకులో రాసిన సువార్త పేజీ. వాళ్ళ దేశంలో ఇసుకలో దొరికిందట, పదిహేడు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటిది అంటారట. ఈ సంగతంతా మణక్క నాకు ఉత్తరంలో రాసింది, నాలుగు పేజీలు. ఆమె అంత పొడుగు ఉత్తరం ఎవరికీ రాసి ఉండదు. ఆ కాగితం రెల్లు పీచుతో చేసిందట, దగ్గర్నించి చూస్తే కట్టుకట్టే గుడ్డలాగా అడ్డంగా నిలువుగా పీచులు కనిపిస్తున్నాయట. అంచులు ఎలుక కొరికినట్టున్నాయి. మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేకుండా అక్షరాలన్నీ ఒక్క బారుగా ఉన్నాయి. ఒక్క అక్షరం చదవలేకపోయినా, ఎందుకో చాలాసేపు చూస్తూ నిలబడ్డానని రాసింది.

అప్పుడు జిర్గిస్ వేలుపెట్టి చూపించాడట. కొన్ని అక్షరాల మీద చిన్న చిన్న చుక్కలున్నాయి. రాసినవాడు తప్పు రాసి, చెరిపెయ్యకుండా, ఇది లెక్కలోకి తీసుకోవద్దని చుక్క పెట్టాడు. ఇంకోచోట రెండు వరసల మధ్య సన్నగా ఇంకొన్ని అక్షరాలు ఇరికించి ఉన్నాయి. కన్ను ఒక చోటునుంచి ఇంకో చోటుకి జారి మధ్యలో మాటలు వదిలేసి, తర్వాత చూసుకుని పైన రాశాడు. అలా వందల చోట్ల తనే దిద్దుకున్నాడట. మణక్కకి మతిపోయింది. మన ఛార్టు పద్ధతే కదే ఇది అని రాసింది. మరి సంతకమేదీ, టైమేదీ అని జిర్గిస్‌ని అడిగిందట. లేవన్నాడు. రాసినవాడి పేరు కూడా ఎవరికీ తెలియదన్నాడు. అంత రాసి సంతకం పెట్టకుండా ఎలా పోయాడని మణక్కకి కష్టం వేసింది. పాపం ఏ వేళప్పుడు రాశాడో, ఎంత అలిసిపోయి ఉన్నాడో అని రాసింది. ఎవరి అలసటనయినా ఆమె ఇట్టే పసిగడుతుంది, తనది తప్ప.

గదికి వెళ్ళగానే ఆమెకి అనుమానం పట్టుకుంది. పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి వాడే వరస జార్చాడు, మరి నా సంగతేంటి? తన పుస్తకం నా దగ్గరుంది. క్వార్టర్సులో ఒక నర్సు దగ్గరున్న ప్రతి తీసుకుని, బావగారి ఉత్తరాలు పక్కన పెట్టుకుని, మాటకి మాట సరిచూసింది. పదహారు అధ్యాయాలు సరిగ్గా ఉన్నాయి. పదిహేడులో దొరికింది. ఉత్తరంలో ఒక వరస చివర 'వీళ్ళని లోకంలోంచి తీసుకుపొమ్మని' అన్న అర్థం వచ్చే మాటలున్నాయి. దాని కింద వరస మొత్తం 'నేను అడగడం లేదు, ఇక్కడే ఉంచి చెడునుంచి వీళ్ళని కాపాడమని' అని. ఆ కింద వరస మొదట్లో 'అడుగుతున్నాను'. మణక్క మధ్య వరస దాటేసింది. తీసుకుపొమ్మని అడగడం లేదన్న ప్రభువు చేత తీసుకుపొమ్మని అడిగించింది. ఐదేళ్ళుగా ఏడుగురు దాన్నే చదువుతున్నారు.

ఆమెకి అన్నం సహించలేదు. తప్పుడు ఛార్టు నమ్మి ఎవరన్నా చచ్చారా అన్నట్టే ఆలోచించింది. ఆమెకి వేరుగా ఆలోచించడం రాదు. రెండేళ్ళపాటు ఒక్కొక్కరి ప్రతీ దిద్దింది. భూషణం గారిది దమ్మాంలో. ఒకామె ఇంటికి వెళ్ళిపోతే నరసాపురానికి ఉత్తరం రాసి ఆ పేజీ తెప్పించుకుంది. ఉమారాణి అనే ఆమె జిజాన్‌లో ఉంటే, అటు వెళ్ళేవాళ్ళ చేత ఆ ఒక్క పేజీ తెప్పించి, దిద్ది తిరిగి పంపింది. ప్రతి దాంట్లో తప్పు వాక్యం మీద ఒక గీత, పైన సరైన వాక్యం, పక్కన 'పొరపాటు' అని కారణం, సంతకం. ఆరూ అయ్యాయి. మిగిలింది నాదే, అన్నిటికీ మూలం. ఈలోగా ఆమెకి తొంభై ఎనిమిదిలో ఫైనల్ ఎగ్జిట్ ఖాయమైంది. నవంబరు ఇరవైన ప్రయాణం. వెళ్ళేలోపు నీ పుస్తకం పంపించవే, దిద్ది ఇస్తాను అని రాసింది.

అప్పుడే నేను పోయిందని రాశాను.

మొదట నా స్వార్థం కొద్దీ రాశాను, దాచిపెట్టుకోను. ఆ వాక్యం నాది. దాని మీద గీత గీస్తే నా మీద గీసినట్టే. తప్పు సంగతి నాకు అంతకు ముందే తెలుసు. సెలవుకి ఇంటికి వెళ్ళినప్పుడు అచ్చు బైబిల్లో చూశాను, చూసి నోరు మూసుకున్నాను. కానీ పోయిందని రాసిన రోజు, పుస్తకం తీసి ఆ పేజీ ఇంకోసారి చూశాను. అడుగున ఉన్నది ఏడేళ్ళలో నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆ రోజు చదివాను. చదివాక ఇక ప్రాణం పోయినా ఆ పేజీ దిద్దనివ్వకూడదని అనుకున్నాను.

నేనొకటి అనుకుంటే మణక్క వచ్చి కూర్చుంది. వాళ్ళ ఆసుపత్రిలో ఒక ముసలాయనకి ఊపిరి సమస్య, తాయిఫ్ కొండ గాలి మంచిదని ఇంటివాళ్ళు ఇక్కడికి తీసుకొస్తుంటే విమానంలో తోడు నర్సు కావాల్సివచ్చింది. ఎవరూ ముందుకు రాని ఆ డ్యూటీ ఈమె అడిగి మరీ తీసుకుంది. నవంబరు పన్నెండు, గురువారం. రోగిని అప్పజెప్పి పదకొండింటికి నా గది తలుపు కొట్టింది. నాలుగింటికి మళ్ళీ కారు వస్తుంది. ఆరేళ్ళ తర్వాత చూశాను. జుట్టు సగం నెరిసింది. పాదాలు చెప్పుల్లోంచి పొంగి ఉన్నాయి. పెన్ను జడలోనే ఉంది.

కోడికూర వండాను. దానిమ్మపండు వలిచి పెట్టాను. తింటున్నంతసేపూ పుస్తకం మాటే. ఎక్కడ పోయింది, ఎవరన్నా తీశారా, గది మారినప్పుడా, ఉతికే బట్టల్లో వెళ్ళిందా? నేను ఇంకాసిని దానిమ్మ గింజలు ఆమె పళ్ళెంలో వేశాను. కోప్పడుతుందనుకుంటే కోప్పడలేదు. అదే ప్రాణం తీసింది. పళ్ళెం పక్కకి పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి చెప్పింది.

"పోతే పోయింది, కాగితాలేగా అనుకోలేకపోతున్నానే. అది ఎవరికో దొరికుంటది. ఎవరో ఓ పిల్ల నీలాగా భయపడతా చదువుతుంటది. నా చేతి తప్పు, నా సంతకం. దాన్నట్టా వదిలేసి నేను విమానం ఎక్కలేను. దొరికిందాకా ఎగ్జిట్ వద్దని ఆఫీసులో చెప్పొస్తా."

నేను నవ్వబోయాను. ముఖం చూస్తే నవ్వు రాలేదు. ఆమె అన్నదంటే చేస్తుంది. ఇంకో ఏడాదికి సంతకం పెట్టి, ఆ వాచిన కాళ్ళతో, నా పరుపు కింద ఉన్న పుస్తకాన్ని సౌదీ అంతా ఊరూరా వెతుకుతుంది. పన్నెండేళ్ళు చేసి, చేసి, ఇప్పుడు నా అబద్ధానికి పదమూడో ఏడు. లేచి పరుపెత్తి పుస్తకం తీసి ఆమె ఒళ్ళో పెట్టాను.

ఆమె ఎక్స్‌రే కాగితం అట్టని అరచేత్తో నిమిరింది. సరిగ్గా పదిహేడో అధ్యాయం దగ్గర తెరిచింది, వెతకను కూడా వెతకలేదు. జడలోంచి పెన్ను తీసింది. ఆ పెన్ను కాగితానికి తగలబోతుండగా చెయ్యి పట్టుకున్నాను. ఆ పేజీ అడుగున చూడమన్నాను. కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఇరవై, జనవరి, తొంభై ఒకటి, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. కింద ఆమె సంతకం.

"ఏం రోజో గుర్తుందా?" అన్నాను.

గుర్తులేదంది. గుర్తుందని ఆమె మెడ మీద నరం చెబుతోంది.

"ఎగ్జిట్ ఆపేసిన రోజక్కా. ఆఫీసులో సరేనని వచ్చి కూర్చున్నావు. నేను నానా మాటలన్నా. నువ్వు పెన్నాపలేదు. పదహారు అధ్యాయాలు ఒక్క తప్పు లేకుండా రాసినదానివి, బావగారు ఎప్పుడొస్తావని అడిగిన ఆ ఉత్తరంలో, ఆ రోజు, ఆ టైముకి ఈ వరస జార్చావు. ఆఫీసులో అడగలేనిది ఇక్కడ అడిగావు. జన్మలో నువ్వు నీ కోసం అడిగింది ఇదొక్కటే. దీని మీద గీత గీస్తానంటే నేనూరుకోను."

మణక్క ఆ తేదీ మీద బొటనవేలు పెట్టి కూర్చుంది. తర్వాత ఆమె భుజాలు కదలడం మొదలైంది. బావగారు పోయినప్పుడు కూడా ఫోనులో గొంతు వణకని మనిషి, నా మంచం మీద కూర్చుని, కొంగుతో నోరు మూసుకుని ఏడ్చింది. ఆయన అప్పుడు బతికే ఉన్నాడు కదే అంది. అప్పుడే ఇంటికి పోయుంటే ఆయనతో మూడేళ్ళన్నా ఉండేదాన్ని కదే అంది. నేను పక్కన కూర్చుని ఆమె పాదాలు నా ఒళ్ళోకి తీసుకుని ఒత్తాను. నేనూ ఏడ్చాను.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, సంచిలోంచి ఒక కవరు తీసింది. అందులో ఆ పాపిరస్ ఫోటో. వెళ్ళిపోతున్నావు కదా ఉంచుకోమని జిర్గిస్ ఇచ్చేశాడట. నాకు చూపించింది. ఆవగింజల్లాంటి అక్షరాలు, రెండు వరసల మధ్య ఇరుక్కున్న చిన్న వరస. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నాకూ చూపు తిప్పుకోబుద్ధి కాలేదు. ఇతను సంతకం పెట్టలేదు కాబట్టి ఏ రోజున జార్చాడో, ఆ రోజు ఇతనికి ఏం జరిగిందో ఎవరికీ తెలియదు అంది. ఫోటోని ఆ పేజీలో పెట్టింది. దిద్దకపోతే మాత్రం ఊరుకోనంది, రేపు మన తర్వాత ఎవరన్నా చదివితే ప్రభువు మాట తప్పుగా తెలుసుకోకూడదంది. దిద్దు, కానీ నీది కొట్టెయ్యకు అన్నాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. దారి ఆమెకే తట్టింది.

గీత గియ్యలేదు. పేజీ అంచున, ఖాళీ ఉన్నచోట, పెన్ను నొక్కి పెట్టి 'లేట్ ఎంట్రీ' అని రాసింది. దాని కింద జారిపోయిన వరస మొత్తం, కంఠతా వచ్చినట్టుంది, చూడకుండా రాసింది. పన్నెండు, నవంబరు, తొంభై ఎనిమిది. చేతి గడియారం చూసుకుని రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు అని వేసింది. ఇక సంతకం పెడుతుందనుకున్నాను. పెన్ను ఆగిపోయింది. లేట్ ఎంట్రీకి కారణం రాయాలి. నాకు ముప్ఫైసార్లు చెప్పింది ఆవిడే.

పొరపాటు అని రాస్తుందనుకున్నాను. ఆరు ప్రతుల్లో అదే రాసింది మరి. కిటికీ వైపు చూసింది, పాదాల వైపు చూసుకుంది. తర్వాత తల వంచి, బావగారి రాతలాగా చిన్న అక్షరాలతో, ఎక్కడా ఆగకుండా రాసింది.

కారణం: రాసిన మనిషి బాగా అలిసిపోయి ఉంది. ఇంటికి వెళ్ళాలనుకుంది.

కింద సంతకం పెట్టి, పెన్ను జడలో గుచ్చుకుని, కారు నాలుగింటికే కదే, కాసేపు పడుకుంటాను అంది.